పొడి వెయ్యని ప్లేటు

సభకి అధ్యక్షత వహిస్తున్న మన కాలేజీ కరస్పాండెంటు శ్రీ గౌరీశంకరం గారికి, బాపట్ల నుంచి ఇంత ఎండలో ఏసీ పనిచెయ్యని కారులో వచ్చి కూడా చిరునవ్వు చెదరనివ్వని ముఖ్య అతిథి గారికి, ముందు వరుసలో కూర్చున్న దాతలకి, పెద్దలకి, నాతో పాటు ఏళ్ళ తరబడి తెనాలిలో రేపల్లె బండి ఎక్కి దిగిన సహోద్యోగులకి, వెనక ఫ్యాను కింద చోటు కోసం గంట ముందే వచ్చి కూర్చున్న విద్యార్థులకి, టిఫిను పొట్లాల దగ్గర కాపలా నిలబడి ఒక చెవి ఇటు వేసి ఉంచిన మిత్రులకి, అందరికీ మీ ఇందుమతి నమస్కారాలు.

ఇప్పుడు టైము నాలుగూ పది. అయిదు గంటలకి నా ఉద్యోగం అయిపోతుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ యాభై నిమిషాల్లో నాకు ఇక్కడ ఒక పని పూర్తి కావాలి. ఆ పనేంటో చెప్పేలోగా మీరు పకోడీల వైపు చూడకూడదని మనవి.

నా కన్నా ముందు తొమ్మిది మంది మాట్లాడారు. శాలువా బరువు కన్నా ఆ మాటల బరువుకే నాకు చెమట పట్టింది. నాకు కోపం అంటే ఏంటో తెలియదన్నారు. ఎవరండీ ఆ మాట అన్నది, ఫిజిక్సు వాళ్ళు. పాపం, వాళ్ళ డిపార్టుమెంటు అవతలి బిల్డింగులో ఉంది. సమయపాలనలో నన్ను చూసి రైళ్ళు నేర్చుకోవాలన్నారు. రేపల్లె ప్యాసింజరు గురించి తెలిసినవాళ్ళు అది పెద్ద పొగడ్త కాదని గ్రహించే ఉంటారు. చివరికి మా వారు కూడా మైకు పుచ్చుకుని, ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో మా మధ్య ఒక్క మాట పట్టింపు రాలేదన్నారు. ఈ రోజు పొద్దున ఇడ్లీ పిండి పులిసిందన్న విషయంలో మా ఇద్దరికీ మాటల్లేవు, మైకులో చెప్పాకే ఆయన గొంతు విన్నాను. (నవ్వులు)

అందరికన్నా మొదట మాట్లాడిన గౌరీశంకరం గారు, "ఇందుమతి ఈ కాలేజీ ఉద్యోగి కాదండి, ఈ ఇంటి ఆడపడుచు," అన్నారు. ఆ మాట నేను నా సంచీలో జాగ్రత్తగా దాచుకున్నాను. ఇంకాసేపట్లో బయటికి తీస్తాను, అయ్యగారు గుర్తు పెట్టుకోవాలి.

తొమ్మిది ప్రసంగాలూ విన్నాక నాకు ఒక అనుమానం వచ్చింది. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కూడా నాలో ఒక్క లోపం చెప్పలేదు. అన్నీ తెల్ల చుక్కలే, ఒక్క నీలం చుక్క లేదు. మా సబ్జెక్టులో ప్లేటు నిండా తెల్ల చుక్కలే కనిపిస్తే మేం చప్పట్లు కొట్టం, పొడి వెయ్యడం ఎవరు మర్చిపోయారని వెతుకుతాం. కనీసం వెతకాలి. నేను పద్నాలుగేళ్ళ కిందట వెతకలేదు. అదే ఈ రోజు చెప్పబోయేది.

పెద్దల కోసం ముందు ఈ చుక్కల సంగతి చెబుతాను. దీంట్లో కష్టం ఏమీ లేదు, మా ల్యాబు అటెండరు నాగమల్లేశ్వరరావు గారికి అర్థమైంది, ఆయన చదివింది అయిదో తరగతి. ఒక సూక్ష్మజీవిలోకి మనకి కావలసిన జన్యువుని ఎక్కించాలి. ఎక్కిందో లేదో కంటికి కనపడదు. అందుకని జెల్లీ లాంటిది పోసిన గుండ్రటి ప్లేటు మీద ఆ జీవుల్ని పరుస్తాం. తెల్లారేసరికి ఆవగింజంత చుక్కలు లేస్తాయి, ఒక్కో చుక్కా ఒక్కో కుటుంబం. ఆ జెల్లీలో ముందుగానే ఒక పొడి కలుపుతాం. దాని పేరు ఎక్స్-గాల్. ఈ జీవి దగ్గర ఒక ఎంజైము ఉంటుంది, అది ఈ పొడిని విరగ్గొడితే నీలం రంగు వస్తుంది. మనం మన జన్యువుని దూర్చేది సరిగ్గా ఆ ఎంజైము తయారయ్యే చోటే. దూరిందా, ఎంజైము పాడవుతుంది, పొడి విరగదు, చుక్క తెల్లగా ఉంటుంది. దూరలేదా, నీలం. అంటే తెల్లవి మనవి, నీలంవి పారెయ్యాల్సినవి.

మల్లేశ్వరరావు గారిది ఈపురుపాలెం. మూడు తరాలుగా నూలుకి రంగులద్దిన ఇల్లు. కొత్తలో ఆయనకి ఈ లెక్క ఎంత చెప్పినా మింగుడు పడలేదు. "అంత చక్కటి నీలం పడితే పారెయ్యమంటారేంటండి, తెల్లదంటే రంగు పట్టనిదే గదండి," అనేవారు. మొదటి ఏడాది మూడు నెలల పాటు తెల్లవన్నీ కడిగేసి, నీలంవన్నీ పువ్వుల్లా దాచిపెట్టారు. ఆయన్ని నేను తిట్టలేదు, తిట్టడానికి నోరు రాలేదు, ఆ నీలం నిజంగానే చాలా బావుంటుంది.

దీంట్లో ఒక మెలిక ఉంది, అది మాత్రం అందరూ వినాలి. ఆ పొడి తెల్లగా ఉంటుంది. ద్రావకంలో కలిపితే నీళ్ళలా ఉంటుంది. ప్లేటులో పోశాక, పొడి వేశారో లేదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. వెయ్యకపోతే నీలం పుట్టడానికి అక్కడ ఏమీ ఉండదు. అన్నీ తెల్లగానే వస్తాయి, ప్రతి చుక్కా విజయమే. అందుకని పక్కన ఇంకో ప్లేటు పెడతాం, దాన్ని కంట్రోలు అంటాం. అందులో జన్యువు ఏదీ ఎక్కించని జీవుల్ని వేస్తాం. అది మొత్తం నీలంగా రావాలి. ఆ నీలం వచ్చాకే ఈ తెలుపుని నమ్మాలి.

ఇక మన కాలేజీ పద్ధతి. ఈ పొడి చాలా ఖరీదైంది, చల్లగా, చీకట్లో ఉంచాలి. కరెంటు పోయినా ఆగని ఫ్రిజ్ మన కాలేజీలో ఒక్కటే, అది కరస్పాండెంటు గారి గదిలో ఉంది. అందులో అయ్యగారి మజ్జిగ సీసా, దేవుడి ప్రసాదం, వాటి వెనక మా ఎక్స్-గాల్. తాళంచెవి అయ్యగారి మొలతాడుకి. పొన్నూరులో ఆయన రైసు మిల్లు నడిపిన తీరే ఇక్కడా. మంగళవారం, శుక్రవారం ఆయన చేత్తో గడప దాటించి ఏదీ ఇవ్వరు. ఉప్పూ ఇవ్వరు, తోడు పెరుగూ ఇవ్వరు, ఎక్స్-గాలూ ఇవ్వరు. మన పీజీ విద్యార్థులు జన్యుశాస్త్రంతో పాటు పంచాంగం కూడా చూడ్డం నేర్చుకున్నారంటే ఆ పుణ్యం ఆయనదే. అయ్యగారూ, నవ్వుతున్నారు కాబట్టి ముందుకి వెళుతున్నాను.

పద్నాలుగేళ్ళ కిందట, శుక్రవారం పొద్దున, మా ల్యాబులో పొడి కలిపిన సీసా ఖాళీ అయింది. మల్లేశ్వరరావు గారింట్లో ఒక ఆచారం ఉంది. శుక్రవారం పూట రంగు బాన ఖాళీగా ఉండకూడదు, ఏమీ లేకపోతే నీళ్ళైనా పోసి ఉంచాలి. ఆయన మా సీసాకి కూడా అదే మర్యాద చేశారు. వట్టి ద్రావకం నిండా పోసి, వెలుతురు తగలకుండా చుట్టే రేకు చుట్టి, ఫ్రీజరులో పెట్టి, నా దగ్గరికి వచ్చి చెప్పారు కూడా. "మేడం గారూ, సీసాలో ద్రావకం మాత్రమే పోశానండి, పొడి లేదండి. రేపు అయ్యగారిస్తే కలుపుతానండి." నేను ఫోనులో ఉన్నాను. చెయ్యూపాను. ఆయన చెప్పడం నిజం, నేను చెయ్యూపడం నిజం. మర్నాడు ఆయన మనవరాలి అన్నప్రాసనకని ఊరెళ్ళారు. నేనే ఆ సీసా తీసి, జెల్లీలో కలిపి, నా చేతులతో, ప్లేట్లు పోశాను.

ఆ ప్లేట్ల మీద జీవుల్ని పరిచినవాడు నా విద్యార్థి రవిశంకర్. అప్పటికి ఇరవై మూడేళ్ళవాడు. నిజాంపట్నం దగ్గర చౌడు నేలలు తవ్వి, ఉప్పుకి చావని సూక్ష్మజీవిని పట్టుకొచ్చి, దాని జన్యువుని బయటికి తీసి, రెండేళ్ళు కష్టపడింది అతను. ఆదివారం పొద్దున వచ్చి, ప్లేట్లని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు తెరిచాడు. మూడు వందల పన్నెండు చుక్కలు. అన్నీ తెల్లవే.

నేను ఆనందం పట్టలేక అయ్యగారికి ఫోను చేశాను. అక్కణ్ణించి ఇక పగ్గాల్లేవు. మధ్యాహ్నానికి ఇంక్యుబేటరుకి బంతిపూల దండ పడింది. దాని ముందు కొబ్బరికాయ కొడితే నీళ్ళు స్విచ్చి బోర్డులోకి పోయి రెండు గంటలు కరెంటు పోయింది. సాయంత్రానికి ఫ్లెక్సీ ఆర్డరు వెళ్ళింది. రవిశంకర్ ఒక్కడే చిన్న మొహం వేసుకుని నిలబడి, "మేడం, కంట్రోలు కూడా తెల్లగానే వచ్చిందండి," అన్నాడు. అయ్యగారు ఆ మాట విని అతని భుజం తట్టి, "చూశావా అబ్బాయ్, జన్యువు వెయ్యకుండానే ఎక్కేసింది. మన రేపల్లె నీళ్ళ బలం అది," అన్నారు. (నవ్వులు)

మీరు నవ్వుతున్నారు. ఆ రోజు ఎవ్వరూ నవ్వలేదు.

తర్వాతి వారం దాతల సభ. మూడు వందల పన్నెండు చుక్కలకీ మూడు వందల పన్నెండు పేర్లు పెట్టాలని అయ్యగారికి తోచింది. మెట్ల దగ్గర గది కట్టించినవాళ్ళకి ఒక చుక్క, బెంచీలు ఇచ్చినవాళ్ళకి ఒక చుక్క, స్వర్గస్తులైన తల్లిదండ్రుల పేరున విడివిడిగా రెండు చుక్కలు. ప్లేటు కింద నంబర్లు వేసి, పేర్ల జాబితా గోడకి అంటించాం. జనం వరుస కట్టారు. మా వెంకటప్పయ్య గారు, అదుగో రెండో వరుసలో, భూతద్దం పుచ్చుకుని చూసి, "మా నాన్నగారిది చిన్నగా ఉందేంటమ్మా, మా చిన్నాన్నది అంత లావుంది," అని అలిగారు. వాళ్ళ వాటాల గొడవ ఊరందరికీ తెలిసిందే కాబట్టి, నేను భయపడి నాన్నగారిని ఇంకో లావుపాటి చుక్కకి మార్చాను. ఆ సంగతి చిన్నాన్న గారి పిల్లలకి తెలిసి, వాళ్ళు ప్లేటుకి ఫోటో తీయించుకుని తెనాలిలో పెద్దది చేయించారు. ఆ పేర్లతో చెక్కిన పాలరాయి ఈ హాలు మెట్ల దగ్గర ఇప్పటికీ ఉంది. మీరంతా దాని పక్కనే చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. అన్ని పేర్లున్న ఆ రాతి మీద రవిశంకర్ పేరు లేదు.

ఏంటండి వెంకటప్పయ్య గారూ? అవునండి, మీ నాన్నగారిది కూడా. లోపల ఏమీ లేనట్టేనండి. క్షమించాలి.

ఇక్కడ కాస్త నీళ్ళు తాగుతాను.

నిజం నాకు ఎప్పుడు తెలిసిందంటే, ఆ ఆదివారం రాత్రే తెలిసింది. బండిలో చినరావూరు దాటుతుండగా మల్లేశ్వరరావు గారి మాట చెవిలో పడింది, ద్రావకం మాత్రమే పోశానండి, అని. మర్నాడు వచ్చి చెప్పెయ్యవచ్చు. ఫ్లెక్సీ ఆర్డరు ఆపించవచ్చు. ఒక్క చిటికెడు పొడి వేసి కొత్త ప్లేటు పోస్తే రెండో రోజుకి అంతా తేలిపోయేది. నేను అది చెయ్యలేదు. నాకు డిపార్టుమెంటు హెడ్డు పదవి ఇచ్చే ఏడాది అది. భయపడ్డాను. దాతల సభ జరిగే రోజు వరండాలో రవిశంకర్ మళ్ళీ వచ్చి, "ఇంకోసారి పోద్దాం మేడం, శనివారమే గదండి, అయ్యగారు పొడి ఇస్తారు," అని బతిమాలాడు. "నువ్వు ఇంటికెళ్ళు బాబూ," అన్నాను. అతను వెళ్ళాడు.

మూడు నెలలు ఆ చుక్కల్ని పెంచి చూస్తే మూడు వందల పన్నెండులో ఒక్కదానిలోనూ మా జన్యువు దొరకలేదు. అప్పుడు ఎవరో ఒకరు కారణం రాయాలి. ల్యాబు రికార్డులో నేను రాశాను, ఇదిగో ఈ చేత్తోనే. "పొడి కలపడంలో విద్యార్థి అజాగ్రత్త వల్ల ప్రయోగం చెడినది." పొడి కలపడం అతని పని కాదు. ఆ రోజు అతను సీసా ముట్టుకోనే లేదు. మల్లేశ్వరరావు గారు నా గదికి వచ్చి, "అయ్యగారితో నేను చెబుతానండి," అంటే, "మీరు ఊరుకోండి," అన్నాను. ఆయన ఊరుకున్నారు. కాకపోతే ఈ పద్నాలుగేళ్ళలో ప్రతి శుక్రవారం ఫ్రీజరు ముందు నిలబడి, నా వైపు తిరిగి, "పోస్తున్నానండి, ద్రావకం మాత్రమేనండి," అని అరిచి చెబుతూ వచ్చారు. సహోద్యోగులు అది ఆయన చాదస్తం అనుకున్నారు. అది నాకు పడుతున్న శిక్ష అని నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు.

రవిశంకర్ పరిశోధన సీటు పోయింది. తెనాలి స్టేషను దగ్గర రక్తపరీక్షల ల్యాబులో చేరాడు. నేను రోజూ బండికి వెళ్ళే దారిలోనే ఆ బోర్డు. పద్నాలుగేళ్ళు రోడ్డుకి అవతలి వైపున నడిచాను. అటు డ్రైనేజీ కాలవ, ఇటు చెట్ల నీడ. నేను కాలవ వైపే నడిచాను.

మూడు వారాల కిందట ఆఫీసు నుంచి నా బల్ల మీదకి ఒక కాగితం సంతకానికి వచ్చింది. బాపట్లలో ఒక పరిశోధన ల్యాబులో రవిశంకర్‌కి ఉద్యోగం కుదిరేలా ఉంది. ముప్ఫై ఏడేళ్ళకి, ఆఖరి అవకాశం. ఇక్కడ పనిచేసిన అనుభవ పత్రం ఈ వచ్చే సోమవారం లోగా ఇమ్మన్నారు. మన ఆఫీసు వాళ్ళు పాత రికార్డు చూసి, అందులో ఉన్న మాట ఉన్నట్టు దింపారు. పని తీరు అన్న చోట, అజాగ్రత్త. నా సంతకం కోసం కింద గీత గీసి ఉంచారు.

ఆ మర్నాడు నేను ఇటు వైపు నడిచాను. ఆ ల్యాబులోకి వెళ్ళి, ఏం మాట్లాడాలో తోచక, "షుగర్ పరీక్ష చెయ్యాలి," అన్నాను. లేచి కుర్చీ వేశాడు. "బావున్నారా మేడం," అన్నాడు. నొప్పి తెలియకుండా రక్తం తీశాడు, కూర్చోబెట్టి కాఫీ వద్దని చెప్పాడు. గంట తర్వాత వచ్చి, "మేడం, షుగర్ ఉందండి. రెండు వందల ముప్ఫై," అన్నాడు. నేను మాటవరసకి, "మెషీను తప్పేమో చూడు బాబూ," అన్నాను. "లేదండి, కంట్రోలు కూడా వేసి చూశానండి. సరిగ్గానే వచ్చింది," అన్నాడు.

ఈ సభలో తొమ్మిది మంది నేను పాతికేళ్ళ పిల్లలా ఉన్నానన్నారు. నాకు షుగర్ ఉందని చెప్పినవాడు అతనొక్కడే. అజాగ్రత్తపరుడు అతనా, నేనా, మీరే చెప్పండి.



అనుభవ పత్రం నేను కొత్తగా రాశాను. ఇదిగో. "ప్రయోగం చెడడానికి కారణం నేను. పొడి లేని సీసాతో ప్లేట్లు పోసింది నేను. తప్పుని మొదట గుర్తించి, రెండు సార్లు చెప్పిన వ్యక్తి రవిశంకర్. నా సర్వీసులో ఇంత జాగ్రత్త గల విద్యార్థిని చూడలేదు." కింద నా సంతకం ఉంది. ల్యాబు రికార్డులో కూడా ఇదే మాట రాసి, పాత వాక్యం మీద అడ్డంగా గీత గీశాను, చదవడానికి వీలుగానే. కాలేజీ ముద్ర ఒక్కటే తక్కువ. ముద్ర అయ్యగారి దగ్గర ఉంటుంది.

ఇన్నాళ్ళూ ధైర్యం చాలక సంచీలో మోసి, ఈ రోజు పొద్దున అడిగాను. కాగితం మొత్తం చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. కోప్పడలేదు, ఆ మాట చెప్పి తీరాలి. "రేపు చూద్దాం చెల్లెమ్మా, ఈ రోజు శుక్రవారం," అన్నారు.

రేపు నేను హెడ్డుని కాను. రేపటి హెడ్డు సౌజన్య, అదుగో, నా చేతి కింద చదివిన పిల్ల. తను చూడని సంగతికి సంతకం చెయ్యమని నేను అడగను, అడిగినా చెయ్యకూడదనే నేర్పాను. అంటే ఈ కాగితం ఈ రోజు అయిదింటి దాకానే కాగితం. ఇప్పుడు నాలుగూ ముప్పావు.

గౌరీశంకరం గారూ, ఇందాకటి మాట సంచీలోంచి తీస్తున్నాను. నేను ఈ ఇంటి ఆడపడుచునన్నారు. నాలుగు వందల మంది విన్నారు. శుక్రవారం ఉప్పు బయటికి ఇవ్వకూడదన్న ఆచారం మీరు పాటిస్తారు, నేను గౌరవిస్తాను. మరి శుక్రవారం పూట ఇంటి ఆడపిల్లని గడప దాటించకూడదన్న ఆచారం కూడా ఉంది కదండి. మీ పెద్దమ్మాయిని మంగళవారమూ శుక్రవారమూ అత్తారింటికి పంపరని, మీ అల్లుడు గారు సెలవు పొడిగించుకోలేక ఎన్నిసార్లు తల పట్టుకున్నారో మాకు తెలుసు. ఆచారం ఉందంటే, ఈ రోజు నన్ను పంపడానికి వీల్లేదు. నేను రేపు కూడా హెడ్డునే, నా సంతకం చెల్లుతుంది, ఈ శాలువా వెనక్కి పుచ్చుకోండి, టిఫిను రేపు పెట్టండి. ఆచారం లేదంటే, ముద్ర ఇప్పించండి.

(నవ్వులు, చప్పట్లు)

"ముద్ర, ముద్ర" అంటున్నది ఎవరు? విద్యార్థులే అనుకున్నాను. వెంకటప్పయ్య గారూ, మీరా. ధన్యవాదాలండి.

ఏంటి అయ్యగారూ? మైకులోకి చెప్పండి, అందరూ వింటారు. "ఆడపడుచుని వట్టి చేతులతో పంపమమ్మా" అంటున్నారు. లేచారు. ముద్ర జేబులోనే ఉందన్నమాట, పొద్దుటి నుంచీ. తెచ్చుకుని కూడా నా చేత ఇంత మాట్లాడించారు. మీరు కూడా తేల్చుకోలేక కూర్చున్నారని నాకు ఇప్పుడు అర్థమైంది. ఆ పాలరాయి మీద మొదటి పేరు మీ అమ్మగారిది కదా.

సిరా ప్యాడు ఎండిపోయి ఉంటుంది, ఎవరైనా చూడండి. ఏంటి మల్లేశ్వరరావు గారూ? "శుక్రవారం కదండి, ఖాళీగా ఉంచకూడదని పొద్దున్నే నింపానండి" అంటున్నారు. దేంతో నింపారండి? సిరాతోనేనా? (నవ్వులు) "సిరాయేనండి. వేలితో ముట్టుకుని చూసి మరీ పోశానండి." అదుగో, చెయ్యెత్తి చూపిస్తున్నారు, బొటనవేలు నీలంగా ఉంది.

రవిశంకర్, కుడి వైపు గుమ్మం దగ్గర నిలబడ్డావు, నాకు కనపడుతూనే ఉన్నావు. ఎందుకు రమ్మన్నానో నీకు చెప్పలేదు. ఇటు రా బాబూ. స్టేజీ ఎక్కక్కర్లేదు, మెట్ల దాకా రా చాలు.

పడింది. గుండ్రంగా, నిండుగా. అందరూ చూడండి. తెల్ల కాగితం మీద ఒక్క నీలం చుక్క. పద్నాలుగేళ్ళ కిందట ఆ ప్లేటులో ఇది ఒక్కటి కనిపించాలని నువ్వు వెతికావు, నేను కనపడనివ్వలేదు. తీసుకో. తడి ఆరలేదు, మడవకు.

క్షమించమని అడగను బాబూ, ఇంతమందిలో అడిగితే నువ్వు సరేననక తప్పదు. అది కంట్రోలు లేని ప్రయోగం అవుతుంది. తెనాలిలో ఏదో ఒక రోజు ఇటు వైపు నడిచి వస్తాను, అప్పుడు నీకు తోచింది చెప్పు.

టైము అయిదుకి అయిదు నిమిషాలు తక్కువ. నన్ను భరించిన అయ్యగారికి, విసుక్కోకుండా విన్న ముఖ్య అతిథి గారికి, చుక్కలు పోగొట్టుకున్న దాతలందరికీ, పొగిడిన తొమ్మిది మందికీ, నా చేత ఈ మాటలు చెప్పించడానికి ప్రతి శుక్రవారం సీసా నింపిన నాగమల్లేశ్వరరావు గారికి చేతులెత్తి కృతజ్ఞతలు. సౌజన్యా, ఫ్రీజరులో సీసా ఉంది. దాంట్లో ఏముందో నన్ను అడగకు, మల్లేశ్వరరావు గారిని కూడా అడగకు. ముందు కంట్రోలు వేసి చూసుకో.

పకోడీలు చల్లారి ఉంటాయి, నాకు ఒకటి చాలు, నా షుగరు సంగతి ఇందాకే అందరికీ చెప్పేశాను. ఇక సెలవు.